వెనక అట్ట

రెండో అంతస్తులో ఒంటి గది. మూడు నెలల కిందట భర్త ఇంటినుంచి వచ్చేసి ఒక్కతే ఉంటున్న కోడలు, పనిసంచితో వచ్చిన వడ్రంగి మామగారు, ఇద్దరి మధ్యా ఒక పుస్తకాల షెల్ఫు.

"ముట్టుకోకండి మావయ్యా, పడిపోతుంది!"

"ముట్టుకోలేదమ్మా. తుమ్మాను, అంతే."

"తుమ్ముకే ఊగుతుంది. కిందింటివాళ్ళు తలుపేసినా ఊగుతుంది."

"ఎవరు బిగించారు దీన్ని?"

"నేనే. ముక్కలన్నీ డబ్బాలో వచ్చాయి. కాగితంలో బొమ్మలు చూసి బిగించాను. బొమ్మలో మనిషి నవ్వుతూనే బిగించాడు మరి."

"వాడికేం, వాడు బొమ్మ. పుస్తకాలు దించు. అసలిది చెక్కేనా? రంపం కింద రాలిన పొట్టుకి ఇంత జిగురు కలిపి ఒత్తేశారు. నలభయ్యేళ్ళు నేను ఊడ్చి పారబోసిందాన్ని వీళ్ళు అమ్ముకుంటున్నారు."

"ఇంతకీ మీరు ఇటెలా వచ్చారు?"

"షెల్ఫు ఊగుతోందని మీ అత్తయ్యతో ఫోన్లో అన్నావటగా."

"అన్నాను. మిమ్మల్ని పంపమని అనలేదే."

"స్క్రూడ్రైవర్ అందుకో. అది కాదు, పొట్టిది."

"షెల్ఫు కోసమేనా ఇంత దూరం?"

"చూడు, మూలల్లో స్క్రూలన్నీ వదులు. సగం తిప్పి వదిలేశావేం?"

"ఇంకా తిప్పితే బోర్డు పగిలిపోతుందేమోనని భయమేసింది."

"భయపడి సగంలో ఆపితే ఊగక ఏం చేస్తుంది? ఈ అతుకుల్లో జిగురు వేస్తాను. ఆరిందంటే మళ్ళీ ఊడదీయలేవు, ఆ సంగతి ముందే చెప్తున్నా."

"ఊడదీయలేనా? ఆగండి మావయ్యా. నేనిక్కడ ఎన్నాళ్ళుంటానో... మళ్ళీ డబ్బాలో సర్దాల్సొస్తే..."

"వేసేస్తున్నా."

"నేనింకా ఊఁ అనలేదు!"

"ఊహూఁ అని కూడా అనలేదుగా. ఆ మంచం వెనక నిలబెట్టిందేమిటి?"

"అదా? దీంతోపాటే వచ్చింది. వెనక వేసే అట్ట. అందానికేమోలే, ఎలాగూ గోడ ఉందిగా అని వదిలేశాను."

"అందానికా! తల్లీ, దీన్ని నిలబెట్టేదే అది. పలకలు బరువు మోస్తాయి, నిజమే. పక్కకి ఒరిగిపోకుండా పట్టుకునేది ఆ అట్టే. అది లేకపోతే ఇది షెల్ఫు కాదు, ఉయ్యాల."

"వేలెడు మందం కూడా లేదు."

"దానికి మందంతో పనేంటి? మూలలు కదలనివ్వకపోతే చాలు. రా, దీన్ని బోర్లా పడుకోబెడదాం. మెల్లిగా... ఆఁ. టేపు పట్టు. ఈ పై మూలనుంచి ఆ కింది మూలకి ఎంత?"

"నూట తొంభై అయిదు."

"ఇప్పుడు అటు పై మూలనుంచి ఇటు కిందికి."

"నూట తొంభై తొమ్మిది."

"నాలుగు సెంటీమీటర్లు వంకర! రెండూ ఒక్కటే రావాలి. నీవైపు లాగు. ఇంకా... ఇంకొంచెం... చాల్చాలు. ఇప్పుడు?"

"ఇటూ నూట తొంభై ఏడు, అటూ నూట తొంభై ఏడు!"

"కదలకు. అట్ట వేసి జానెడుకో మేకు కొడతాను. ఒక్కొక్కటీ అందించు."

"ఆయన ఎలా ఉన్నారు?"

"తింటున్నాడు."

"నా గురించి ఏమైనా..."

"ఇంకో మేకు."

"నిజం చెప్పనా మావయ్యా? ఎవరైనా వచ్చి ఒక్కమాట 'రా' అంటే లేచి వెళ్ళిపోతానేమో అనిపిస్తుంది. ఆదివారాలు మరీను. ఇందాక మీరు తలుపు కొడితే అందుకేననుకున్నాను."

"వేలు తియ్యి, దెబ్బ తగుల్తుంది."

"అందుక్కాదా?"

"పిలవడానికొచ్చేవాడు డ్రిల్లు పట్టుకుని వస్తాడా? మేకు ఇవ్వు. పరీక్ష ఎప్పుడు?"

"రెండు నెలల్లో. పోయినసారి పుస్తకాలు లేక కూర్చోలేదుగా."

"తెలుసు. మావాడే తూకానికి అమ్మేశాడు."

"మీకెవరు చెప్పారు? నేను ఇంట్లో అందరికీ పోయాయనే చెప్పాను."

"నా మంచం మీ గది గోడకి ఆనుకుని ఉండేదమ్మా."

"అంటే... అన్నీ వినిపించేవా?"

"నాలుగేళ్ళు. వాడి గొంతు వినిపించేది. తర్వాత గిన్నె పడ్డ చప్పుడో, నువ్వు పడ్డ చప్పుడో. పొద్దున్నే లేచి, నాకు చెవుడొస్తున్నట్టుందే అని మీ అత్తయ్యతో అనేవాణ్ణి."

"ఒక్కసారైనా మీరు..."

"ఒక్కసారి కూడా లేదు. లే, గోడ దగ్గర నిలబెడదాం."

"ఏడుస్తున్నారా మావయ్యా?"

"చెక్కపొడి. కంట్లో పడింది."

"మనం ఇంకా డ్రిల్లు తియ్యనే లేదు."

"ఇప్పుడు తీస్తున్నాగా. పైన రెండు ఇనప పట్టీలు వేసి గోడకి బిగించాలి. పుస్తకాల బరువుకి ముందుకి తూలితే నీ మీదే పడుతుంది."

"వద్దు వద్దు. గోడకి కన్నాలు పెట్టొద్దని ఇంటావిడ గట్టిగా చెప్పింది."

"అడిగాను. రెండంటే రెండని ఒప్పుకుంది."

"ఎప్పుడడిగారు?"

"మెట్లెక్కకముందే. ఈ పిల్ల ఇక్కడే చాన్నాళ్ళుంటుందమ్మా, మంచి పిల్ల, అద్దెకి ఢోకా లేదు అని కూడా చెప్పాను."

"అలాగని నేనెప్పుడు చెప్పాను మీకు?"

"చెవులు మూసుకో. చప్పుడెక్కువ."

"మూసుకున్నాను, కానివ్వండి."

"అయిపోయింది. ఇప్పుడు భుజంతో తొయ్యి. అలా కాదు, కోపంగా."

"కదలట్లేదు! మావయ్యా, అస్సలు కదలట్లేదు! ఇక కదిలితే గోడే కదలాలి."

"పుస్తకాలు సర్దుకో. బరువైనవి కింద అరలో."

"మీ ఫోను మోగుతోంది."

"మోగనీ."

"నాలుగోసారి. ఆయనేగా? ఎత్తండి, ఫరవాలేదు. నేను మాట్లాడను."

"ఆఁ, చెప్పరా... ఆఁ, ఇక్కడే ఉన్నా... అడగకేం రా, అందుకేగా నువ్వు పంపింది? రెండు గంటల్నుంచి కాళ్ళావేళ్ళా పడి బతిమాలుతున్నాను, ససేమిరా రానంటోంది."