వక్కల సంచిలో ఛార్జింగ్ బిల్ల

కరీంనగర్‌లో ఒక ఇంటి వరండా. పొద్దున తొమ్మిది గంటలు. తల్లి తారాబాయి, కొడుకు సంతోష్‌రావు. గడప పక్కన మూతి కట్టిన గోనెసంచి.

"ఇటు రా సంతోషా. జర దగ్గరికొచ్చి కూసో. నా నోట్లె పండ్లు లేవు, దూరంకెల్లి చెప్తే నీకు సగమే ఇనవడ్తది."

"కూసునేందుకు టైం లేదే అవ్వా. పాత సామాన్ల బండాయన వస్తుండు. ఈ సంచి ఆయన బండ్లె పడ్డంకనే నాకు ముద్ద దిగుతది."

"అండ్ల ఏమేం ఏసినవ్?"

"అంత ఏసిన. వైర్లు, సీసం అతికే కడ్డి, బ్యాటరీ సెల్లులు, డబ్బాలు. నీ మనుమరాలి కార్ఖానా మొత్తం."

"సోమారం నాడు కాలేజీల సార్లకు చూపెట్టే లైటు గూడనా? నాలుగు నెలలు నడుం వంచి చేసిందిరా ప్రజ్ఞ."

"అది గూడ. సోమారం లేదు, మంగళారం లేదు. సదువు బంద్. కరెంటు పని ఆడివిల్లకెందుకని అప్పుడే అన్న, మీరిద్దరు ఇన్లే."

"నిన్నటి సంది పిల్ల పచ్చి మంచినీళ్లు ముడ్తలేదు. అర్ర తలుపు వెట్టుకున్నది."

"వెట్టుకోనీ. బాపు ఫోటో ముంగట అది పెట్టిన లైటు పేలింది, గోడ నల్లగయింది, పరద కాలింది, ఫోటో బూడిదయింది. ఇంట్ల ఉన్నది ఆయనది గదొక్కటే ఫోటో."

"నాకు చెప్తున్నవా? ఆయన నా పెనిమిటి. పొద్దుగాల లేస్తే మొదలు గా మొకమే చూస్తుంటి."

"మరి నీకు కోపం రాదేందే దాని మీద? అచ్చం తాత పోలికే. ఆయన చెన్నూర్ల మోటరు కాలవెట్టె, ఇదిక్కడ ఇల్లు కాలవెట్టె."

"ఏమన్నవ్?"

"ఏం లేదు."

"కాదు, మల్ల ఒకపారి అను."

"ఏం లేదంటున్న కద. ఊకో."

"సరే. ఫోన్ల ఎందరికి చెప్పినవ్, మా పోరి ఇల్లు కాలవెట్టిందని?"

"ఎవరికి చెప్పలే."

"ధర్మపురిల మీ అక్క అనసూర్యకు చెప్పినవ్. చెన్నూర్ల చిన్నాయినకు చెప్పినవ్. నీ మామకు, నీ సడ్డకునికి, ఇంకో మూడిండ్లకు. మొత్తం ఏడిండ్లు. నేను గీ మంచంల పండుకునే ఉన్న, చెవులు మాత్రం పండుకోలే."

"చెప్పిన తియ్. ఉన్నదే చెప్పిన. నువ్వు దాన్ని ఎనకేసుకురాకు."

"నేనెవ్వల ఎనకేసుకొస్తలేను. ఆ పేలిన లైటు సంగతి అడుగుతున్న. ఫోటో ముంగట పెట్టనీకి చేసిననాడు పిల్ల నన్ను పక్కన కూసోవెట్టుకొని చెప్పింది. సెల్లుకు ఛార్జర్ వైరు సీదా పెట్టద్దు నాయినమ్మా, ఎక్కువైతే అది ఉబ్బి అంటుకుంటది, అందుకే మధ్యల గీ గోరంత బిల్ల అని. ఎర్రగ ఎలిగితే ఎక్కుతున్నట్టు, నీలంగ ఎలిగితే నిండినట్టు. నిండంగనే బిల్లనే బంద్ చేస్తది. సెల్లు మరీ ఖాళీ అయితే లైటును గూడ గదే ఆర్పుతది."

"సదువుకోకున్న మంచిగనే ఒప్పజెప్తున్నవ్. మరి నిండంగనే బంద్ చేసేదైతే ఎట్ల పేలింది? ఆ బిల్ల ఏం పీకింది?"

"గదే నేనడుగుతున్న. ఆ బిల్ల ఏడున్నది?"

"ఏడుంటది? కాలి మసయింది."

"కాలిందా?"

"కాలకుంట ఉంటదా? అన్ని కాలినయ్ కద."

"చూసినవా నువ్వు?"

"అవ్వా, నన్ను సతాయించకు. బండాయన వచ్చే యాళ్లయింది."

"రానీ. బాపు తద్దినం నాడు ప్రజ్ఞ ఏడున్నది?"

"కాలేజోళ్లతోని ఊరికి పోయింది. మూడొద్దులు."

"లైటు పేలిననాడు?"

"అప్పటికింక రాలే. అయితేంది? చేసింది అదే కద."

"తద్దినం నాడు విస్తర్లు వేస్తుంటే లైటు ఆరింది. యాదున్నదా? ఛార్జింగు పెట్టనీకి పిల్ల ఇంట్ల లేకపాయె, మనకు సోయి లేకపాయె."

"ఆరింది. ఏమాయె?"

"మీ అక్క ఏమన్నది?"

"ఏమన్లే."

"అన్నది. బాపు ముంగట గీ దినం నాడు దీపం ఆరుడేందిరా, ఈ ఇంట్ల కర్త ఎవలు అన్నది. అందరు ఇన్నరు. నీ మొకం కందిపోయింది."

"దాని నోరే అంత. ఛార్జర్ పెడితే ఎర్ర బుగ్గ ఎలిగింది గాని లైటు మసక మసక. వచ్చినోళ్లంత చూడవట్టిరి. నేనేం జేయాలె?"

"ఏం జేసినవ్?"

"ఏం జేయలే. లోపటికి తీస్కపోయి జర తుడిశిన. ఎలిగింది."

"ధగధగ ఎలిగింది. ఎన్నడు ఎలగనంత ఎలిగింది. మల్ల ఆరనే లేదు, మూడొద్దులు. తుడిస్తే గంత ఎలుగుతదా సంతోషా?"

"నాకేమెరుక? పోరినే అడుగు."

"పోరినెందుకు అడుగుత. ఇగో పట్టు, నా నడుముకున్న వక్కల సంచి, దీని మూతి ఇప్పు. ఇప్పు అంటున్న కద. అడుగున ఏమున్నది?"

"గీ బిల్ల నీకేడ దొరికింది?"

"లోపటర్ర కిటికీల. పట్కారు పక్కపొంటి. లైటు పేలినంక నేనే ఊడుస్తుంటే దొరికింది. పైన మసి గూడ లేదు. మంటల ఉన్నదే అయితే గిట్లుంటదా? అప్పటిసంది చూస్తున్న, నువ్వే చెప్తవని. చెప్పకపోతివి. ఏడిండ్లకు ఫోన్ కొడితివి."

"అవ్వా, నెమ్మది. అర్రల ఉన్న పోరికి ఇనవడ్తది."

"ఇనవడనీ."

"నేను కావాల్నని చేసిన్నా? మాటిమాటికి ఆరవట్టె. గా బిల్లనే అడ్డం పడుతుందని తీసేసిన. ఛార్జర్ వైరు కోసి సెల్లుకు డైరెక్ట్ కట్టిన. బాయికాడ మనోళ్లు చెయ్యరా? స్టార్టర్ పడిపోయి మోటరు ఆగితే డైరెక్ట్ కట్టరా? అట్లనే కట్టిన. పేల్తదని నాకెరుకనా?"

"ఆ పిల్లకెరుక. అందుకే బిల్ల పెట్టింది. అది వైరు పెనెయ్యదు, సీసం పెట్టి అతుకుతది. నువ్వు పెనేసినవ్. సరే, తెల్వక చేసినవ్. తెల్వక చేసినోన్ని నేనేమన్న. తెలిసి పిల్ల మీద పెట్టినవ్ చూడు, గది."

"ఏం జేయమంటవ్ మరి? ఏడిండ్లకు మల్ల ఫోన్ చేసి, నేనే బాపు ఫోటో కాలవెట్టిన అనాల్నా? అక్క జన్మల ఇడుస్తదా? చిన్నపిల్ల, అదొక మాట పడితే రేపు మర్శిపోతది. నేనిప్పుడు గీ వయసుల అందరి ముంగట తల దించాల్నా? బాపైతే దించుతుండెనా? చెప్పు, బాపు ఎన్నడన్న ఎవ్వల ముంగటన్న తల దించిండా?"

"దించిండు."

"ఎప్పుడు?"

"నీకు ఇరవయ్యేండ్లప్పుడు. పెద్దబాయి మోటరు. మక్క చేను ఎండుతుండె. స్టార్టర్ ఊకె పడిపోవుడు, మల్ల ఎయ్యనీకి నువ్వు ఊకె ఉరుకుడు. ఒకనాడు మోటరు పొగలేసింది."

"బాపే కట్టిండు డైరెక్ట్. ఊరంత ఎరుకే."

"ఊరంత ఎట్లెరుకైంది? ఆయనే చెప్పిండు కాబట్టి. చాయ్ హోటల్ కాడ నిలవడి, నా తెల్వితక్కువకు మోటరు కాలింది, మక్క ఎండింది అన్నడు. నవ్విన్రు అందరు. మీ బాపును జూసి, ఉపేందర్‌రావు దొరకు వైరు కట్టరాదని సంవత్సరమంత నవ్విన్రు. ఇంతకుముందే నువ్వు గూడ నవ్వినట్టే అంటివి, తాత పోలిక అని. అప్పుడు కాలిన మోటర్లకు తీగె చుట్టే ముకర్రం వచ్చి స్టార్టర్ డబ్బా ఇప్పిండు. అండ్ల వైరు పెన మీ బాపుకు చూపెట్టిండు. పెన ఎడమకు తిరిగి ఉన్నది. మన ఇంట్ల ఎడమ చెయ్యి వాటం ఎవ్వలిది?"

"అవ్వా."

"ఎవ్వలిదిరా?"

"నాదే."

"మీ బాపు ఆ వైరు తెంపి అంగి కీసల పెట్టుకున్నడు. ఇంటికొచ్చి నాతోని ఒక్కటే మాట. పోరనికి ఎరుక కానియ్యకు, పదిమందిల చిన్నగయితడు, మాట నేను పడ్త అన్నడు."

"బాపుకు ఎరుకేనా?"

"పానం పోయేదాక ఎరుకే. నీ ముంగట ఒక్కనాడు ఆ మాట తియ్యలే."

"అగో, బండాయన పిలుస్తుండు."

"పిలవనీ. ఆ సంచి ముడి నువ్వే ఇప్పు. ఇప్పి, ఇగ యాదుంచుకో నేను చెప్పింది, ఒక్క ముక్క మర్శిపోకు. ముందుగాల గా అర్ర తలుపు కొట్టి బిడ్డకు చెప్పు, అటెనక ఏడిండ్లకు చెప్పు. ఫోటో కాడ మొదలువెట్టకు, మోటరు కాడికెల్లి చెప్పు. నీ తప్పు మీ బాపు నెత్తిన పెట్టుకున్నడు, నువ్వు నీ తప్పును బిడ్డ నెత్తిన పెట్టినవని, గట్లనే చెప్పు."