అంజిబాబు గారి వెచ్చటి పెట్టె

సఖినేటిపల్లి రేవులో గంగయ్య టీకొట్టు దగ్గర అంజిబాబు నోరు విప్పేడంటే, ఏరు దాటాల్సినవాళ్ళు కూడా ఒక పంటు పడవ వదిలేసి కూర్చుంటారు. మస్కట్‌లో పద్దెనిమిదేళ్ళు మేడల మీద ఏసీ మిషన్లు బిగించి వచ్చిన మనిషి. ఆ ఎండలో పలకరించే దిక్కు లేక దాచుకున్న మాటలన్నీ ఇప్పుడు, యాభై రెండో ఏట, ఊళ్ళో ఫ్రిజ్‌లు బాగుచేసుకుంటూ ఇక్కడ ఖర్చుపెడుతున్నాడు.

ఆ పొద్దున్న నరసాపురం వైపు నుంచి పంటు దిగి ఒక జంట వచ్చి బల్ల చివర కూర్చున్నారు. అతని పేరు శివప్రసాద్, ఆవిడ సీతారత్నం. ఆవిడ ఒళ్ళో లావుపాటి ఆస్పత్రి ఫైలు ఉంది, దానిమీద రెండు చేతులూ ఉన్నాయి. అంజిబాబు ఫైలు చూడలేదు. వినడానికి రెండు జతల కొత్త చెవులొచ్చేయని మాత్రం చూసేడు.

"ఎందాకా అండీ?"

"అమలాపురమండీ. బస్సు కోసం," అన్నాడు శివప్రసాద్.

"అమలాపురమంటే గుర్తొచ్చింది," అన్నాడు అంజిబాబు. ఏ ఊరి పేరు చెప్పినా ఆయనకి ఏదో ఒకటి గుర్తొస్తుందని తెలిసిన గంగయ్య, పొయ్యిమీద ఇంకో గిన్నె పాలు పెట్టేడు.

"పోయినేడు మాటండీ. అక్కడ పిల్లల్లేనివాళ్ళకి వైద్యం చేసే ఆస్పత్రుంది. వాళ్ళ ల్యాబులో ఫ్రిజ్ ఆగిపోయిందని ఫోను చేసేరు. వెళ్ళేను, చూసేను, రిలే పోయింది, మార్చేను. అంతేనండి."

"అంతేనా?" అన్నాడు ముత్యాలరాజు. రొయ్యల చెరువులున్న మనిషి, రోజూ ఈ వేళకి వచ్చి అంజిబాబు మాటలకి అడ్డు తగలకపోతే ఆయనకి టీ దిగదు.

"అంతే అయితే మీకెందుకు చెబుతానండీ రాజుగారూ! అక్కడ ల్యాబు చూసుకునే డాక్టరమ్మ దుర్గాశ్రీ గారని, చిన్నపిల్ల, ముప్ఫై దాటలేదు, నేను రిలే మార్చిన తీరు చూసి బల్ల మీదున్న కాగితాలన్నీ పక్కకి నెట్టేసి, 'అంజిబాబు గారూ, పిండాన్ని గాజుగిన్నెలో పెట్టి వెచ్చటి పెట్టెలో అయిదు రోజులు పెంచుతామండీ, ఎలా ఉందో చూడాలంటే తలుపు తియ్యాలి, తీసినప్పుడల్లా బయటిగాలి తగిలి అది బెదిరిపోతోంది, తలుపు తియ్యకుండా లోపలే కెమెరా పెట్టి చూసే పెట్టె ఒకటి సొంతంగా తయారుచేస్తున్నాను, ఇంకా సరిగ్గా కుదరట్లేదు, పైదేశాల పెట్టె మేం కొనలేం,' అంది. 'ఓస్, ఇంతేనా తల్లీ,' అన్నాను."

సీతారత్నం తల ఎత్తింది. ఇంతవరకూ అబద్ధం ఏమీ లేదు, ఒక్క 'ఓస్' తప్ప. అది అంజిబాబుకీ తెలుసు. కానీ ఆవిడ తల ఎత్తడం చూసేసరికి ఆయన ఒళ్ళంతా ఉత్సాహం పాకింది.

"పాత ఫ్రిజ్ డొక్కు ఒకటి తీసుకున్నానండి. మూడు రోజులు కూర్చున్నాను. నాలుగోనాటికి పెట్టె తయారు. ముప్ఫై ఏడు డిగ్రీలు అంటే ముప్ఫై ఏడే, వెంట్రుకవాసి కదల్దు. థర్మామీటరు పెట్టి చూసిన దుర్గాశ్రీ గారు, ముల్లు కదలట్లేదు, ఇది చచ్చిపోయిందనుకుని పదకొండు థర్మామీటర్లు మార్చేరండీ! సరే, ముందు కోడిగుడ్లతో పరీక్ష చూద్దామన్నాను. డజను గుడ్లు పెట్టేం. మామూలుగా ఎన్నాళ్ళకి పొదుగుతుందండీ?"

"ఇరవయ్యొక్క రోజులు," అన్నాడు గంగయ్య.

"సోమవారం పెడితే గురువారం పొద్దున్నకి కిచకిచలాడుతూ బయటికొచ్చేయండీ. ఒకటైతే కూత కూడా కూసింది. లెక్కపెడితే పదమూడు పిల్లలు."

"డజను గుడ్లకి పదమూడా?" ముత్యాలరాజు గ్లాసు కింద పెట్టేసేడు. "పదమూడోది ఎక్కణ్ణుంచొచ్చిందండీ?"

"దుర్గాశ్రీ గారూ అదే అడిగేరు. ల్యాబంతా గాలించేం. ఆఖరికి తెలిసింది, కాంపౌండరు గారు మధ్యాహ్నం తిందామని ఆమ్లెట్టు డబ్బా పెట్టె మీద మర్చిపోయేరండీ."

రేవు గట్టు మీద కొబ్బరిబోండాలు కొడుతున్నవాడు కత్తి ఆపి మరీ నవ్వేడు. శివప్రసాద్ కూడా నవ్వేడు. సీతారత్నం నవ్వలేదు గానీ ఫైలు మీద నుంచి ఒక చెయ్యి తీసి టీ గ్లాసు అందుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా అండీ? కెమెరా బిగించేం. పెద్ద టీవీ పెట్టేం. ఎదురుగా పిండం! నాలుగు కణాలు, ఆవగింజలో వందో వంతు. డాక్టర్లంతా చుక్కలున్నాయి, చుక్కలున్నాయి అంటున్నారు. నేను చూసేనండీ, చూసి, ముక్కు వాళ్ళ మావయ్యది, మొండితనం అమ్మమ్మది అన్నాను. కాన్పయ్యేక చూస్తే అక్షరాలా అంతే! ఇంకోటైతే కెమెరా పెట్టిన సంగతి కనిపెట్టేసి, రోజూ పొద్దున్న పదింటికి ఫొటో వేళకి తిన్నగా తిరిగి నిలబడేది. ఒకనాడు చెయ్యి ఊపింది. ఏమిటా అని దగ్గరికెళ్ళి చూస్తే, కాస్త వేడి తగ్గించమంటోంది. 'ఆయ్, అలాగేనండి' అన్నాను."

"పిండాన్ని అండీ అన్నారా!"

"ఎవరింటి పిల్లో ఏంటో, మర్యాద పోగొట్టుకుంటామా రాజుగారూ?"

ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. మాట మాటని లాక్కొస్తోంది. గోదావరి పొంగింది, ఆస్పత్రి మెట్లెక్కింది, కరెంటు పోయింది, జనరేటరు మునిగింది. అంజిబాబు అరటి బోదెలు నాలుగు కట్టి తెప్ప చేసి, పెట్టెని గుండెలకి కట్టుకుని దానిమీద కూర్చున్నాడు.

"మనిషి ఒంటివేడి ఎంతండీ? ముప్ఫై ఏడు! పెట్టెకి కావలసిందెంత? ముప్ఫై ఏడు! ఇంక కరెంటెందుకండీ? నేనే కరెంటు. రెండు పగళ్ళూ రెండు రాత్రులూ కదలకుండా కూర్చున్నాను. మధ్యలో వర్షానికి తడిసి జ్వరం రాబోయింది. వేడి ఎక్కితే పిండాలేం గావాలి? 'ఇప్పుడు కాదు, సోమవారం రా' అన్నాను జ్వరంతో. వెళ్ళిపోయింది. సోమవారం సరిగ్గా తొమ్మిదింటికి వచ్చిందండీ, మాట తప్పలేదు. ఆ తెప్ప దిండి దాకా కొట్టుకుపోయింది. దారి పొడుగునా ఆ పెట్టె వెచ్చదనం గట్లకి తగిలి, ఇరవయ్యేళ్ళ బట్టీ కాపులేని కొబ్బరిచెట్లు గెలలేసేయి. నమ్మకపోతే వెళ్ళి చూడండి, ఏటి వైపు మాత్రమే కాసేయి, ఊరి వైపు కాయలేదు!"

"మా తమ్ముడి గేదె ఆ వారమే చూడి కట్టిందండీ," అన్నాడు గంగయ్య, నవ్వు బిగబట్టి.

"మరి! అది ఎవరి చలవ అనుకుంటున్నారు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ సంగతి జపాను దాకా పాకింది. సైంటిస్టులు ఓడేసుకుని అంతర్వేది ముఖద్వారం దగ్గరికొచ్చేసేరండీ. వాళ్ళ పెద్దాయనకి పాపం పెళ్ళయి ముప్ఫయ్యేళ్ళయినా పిల్లల్లేరు, వాళ్ళావిడ కూడా వచ్చింది. లైట్‌హౌస్ ఎక్కి దుర్భిణిలోంచి పెట్టె వైపు అలా ఒక్కసారి చూసేరు, అంతే, కారెక్కి రాజోలు దాటకముందే ఆవిడకి వాంతులు మొదలు! చింతకాయ కావాలని జపాను భాషలో ఒకటే గోల!"

కొట్టు దగ్గర నవ్వులు ఆగలేదు. పంటు దిగినవాళ్ళు కూడా చుట్టూ మూగేరు. అంజిబాబుకి ఆ క్షణాన తను నిజంగానే తెప్ప మీద నిలబడి ఉన్నట్టూ, గట్టుకి రెండు పక్కలా జనం చేతులూపుతున్నట్టూ ఉంది. ఇంకా పైకి తీసుకెళదామని గాలి పీల్చుకున్నాడు.

అప్పుడు సీతారత్నం అడిగింది.

"ఏవండీ, అయితే ఆ పెట్టెలో పెడితే తప్పకుండా నిలుస్తుందా అండీ?"

ఆవిడ వెటకారానికి అడగలేదు. నవ్వుతూ అడగలేదు. ఫైలు రెండు చేతులతో గుండెకి ఆనించుకుని అడిగింది. "పెళ్ళయి తొమ్మిదేళ్ళయిందండి మాకు. పెద్ద ఊళ్ళలో రెండుసార్లు చేయించుకున్నాం. ఇది ఆఖరుసారి. దుర్గాశ్రీ గారి దగ్గరికే వెళుతున్నాం. తప్పకుండా నిలుస్తుందంటే..."

శివప్రసాద్ తలొంచుకున్నాడు.

అంజిబాబు పీల్చుకున్న గాలి అలాగే ఉండిపోయింది. నాలిక మీద మాట సిద్ధంగానే ఉంది, తప్పకుండా తల్లీ, కవలలు అని. జీవితంలో ఏ మాటకీ ఆయన వెనకాడలేదు. జపానుని తెచ్చినవాడికి ఇదొక లెక్కా? కానీ ఆవిడ కళ్ళు చూసేడు.

"నాకు తెలియదమ్మా," అన్నాడు.

చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసేడు.

"ఆ పెట్టె నేను చెయ్యలేదు తల్లీ. ఆలోచన దుర్గాశ్రీ గారిది. కెమెరా ఆవిడే పెట్టింది, కంప్యూటరు పనీ ఆవిడదే. తెప్పా లేదు, జపానూ లేదు. నేను వెళ్ళేసరికి ఆవిడ పెట్టె పనిచేస్తోంది గానీ మూడు వారాల బట్టీ లోపలి బొమ్మలు మసగ్గా వస్తున్నాయి, ఎందుకో అంతుబట్టక ఆ పిల్ల అన్నం మానేసింది. నేను ఫ్రిజ్ పని చూసుకుని లేస్తూ, ఊతానికి బల్ల మీద చెయ్యేసేను. బల్ల వణుకుతోంది. ఎవరికీ తెలియనంత సన్నగా. గోడకి అవతల ఏసీ మిషన్ బిగించేరు, ఆ వణుకు గోడలోంచి బల్లలోకి వస్తోంది. పద్దెనిమిదేళ్ళు మేడల మీద ఆ మిషన్లతోనే బతికేనమ్మా, అది నా చేతికి తెలిసిపోయింది. కంప్రెసరు కింద వేసే రబ్బరు ముక్కలు నాలుగు నా సంచీలో ఉన్నాయి. తీసి పెట్టె కింద పెట్టేను. బొమ్మ తేటపడింది."

"అంతేనా?" అన్నాడు ముత్యాలరాజు, ఈసారి మెల్లిగా.

"అంతేనండి." అంజిబాబు అరచెయ్యి చూసుకున్నాడు. "చెబితే అంతేనా అంటారనే ఇన్నాళ్ళూ చెప్పలేదు."

తర్వాత సీతారత్నం వైపు తిరిగేడు. "బొమ్మ తేటగా వస్తే ఏది గట్టి పిండమో ముందే తెలుస్తుందటమ్మా, దాన్నే ఎంచి కడుపులో వేస్తారట. ఇదివరకు పదిమందిలో ముగ్గురికి నిలిచేదట. ఇప్పుడు నలుగురికి నిలుస్తోందని దుర్గాశ్రీ గారన్నారు. అది కూడా ఇంకో ఏడాది చూస్తే గానీ గట్టిగా చెప్పలేం అన్నారు. మరి నువ్వు ఆ నలుగురిలో ఉంటావో లేదో నేనెలా చెప్పనమ్మా?"

ఆ అమ్మాయి ఏడుస్తుందేమో, తనే ఏడిపించేనేమో అని అంజిబాబు చెమటలు తుడుచుకున్నాడు. ఆవిడ ఏడవలేదు.

"పోయిన రెండుసార్లూ తప్పకుండా అన్నారండీ," అంది. "ఆ మాట పట్టుకుని ఇంటికెళ్ళి పేర్లు కూడా అనుకున్నాం. తెలియదు అని చెప్పిన మనిషి మీరే మొదటండీ." భర్త వైపు చూసింది. "ముగ్గురి కంటే నలుగురు ఎక్కువే కదండీ?"

"ఎక్కువేగా మరి," అన్నాడు శివప్రసాద్.

బస్సొచ్చింది. వెళుతూ వెళుతూ ఆవిడ వెనక్కి తిరిగి, "ఆమ్లెట్టు మాత్రం బావుందండీ," అంది. అప్పుడు నవ్వింది.

బస్సు మలుపు తిరిగింది. ముత్యాలరాజు లేచి పంచె దులుపుకున్నాడు.

"కోడిపిల్లల్ని నమ్మేను. జపానావిడ వాంతులూ నమ్మేను. కానీ అంజిబాబు గారు నాకు తెలియదు అన్నారని ఇంటికెళ్ళి చెబితే, మా ఆవిడ నన్ను గుమ్మం తొక్కనివ్వదండీ బాబూ!"

నవ్వులు పడ్డాయి. అంజిబాబూ నవ్వేడు గానీ, ఆ రోజు రెండో టీ తాగకుండా ఇంటికి వెళ్ళిపోయేడు. వారం రోజులు కొట్టు ఛాయలకి రాలేదు. వచ్చేక కూడా చేప ఒకటి పట్టేనని మొదలెట్టి, జానెడు దగ్గరే ఆపేసేడు. గంగయ్యకి బెంగ పట్టుకుంది.

కార్తీకమాసం వెళ్ళేక, ఒక పొద్దున్న ఆయన సైకిలు తొక్కుకుంటూ రాలేదు, నడిపించుకుంటూ వచ్చేడు. ఫోను ఇంకా చేతిలోనే ఉంది. బల్ల మీద కూలబడ్డాడు.

"దుర్గాశ్రీ గారు ఫోను చేసేరండీ. ఆ రోజు బస్సెక్కిన అమ్మాయి, సీతారత్నం, తనే ఈ సంగతి నాకు చెప్పమందట." ఫోను బల్ల మీద పెట్టేడు. "నలుగురిలో ఉందటండీ. మూడో నెల దాటిందట."

గంగయ్య గరిటె పట్టుకునే బయటికొచ్చేసేడు. ముత్యాలరాజు జరిగి ఆయన పక్కకొచ్చి కూర్చుని, పాత అలవాటు కొద్దీ, ఆయనకి దారి ఇద్దామని కూడా, అడిగేడు.

"ఇంతకీ ఎంతమందండీ? కవలలా, ముగ్గురా?"

అంజిబాబు తల అడ్డంగా ఊపేడు. ముఖమంతా వెలిగిపోతోంది.

"ఒక్కరేనండీ రాజుగారూ," అన్నాడు. "ఒక్కరే."