జంపఖానా విప్పిన రోజు

సభాధ్యక్షులు, మా నేత సంఘం ప్రెసిడెంటు కిషన్ రావు గారికి, నా వీడ్కోలు సభలో నాకంటే బరువైన దండ వేయించుకున్న ముఖ్య అతిథి భాస్కర్ గారికి, కాశిబుగ్గ పెద్దలకు, నాతోపాటు మగ్గం గుంటలో కాళ్లు అరగదీసుకున్న అన్నదమ్ములకు, నూలు చుట్టి చుట్టి చేతులు కాయలు కాసిన అక్కచెల్లెళ్లకు, వెనక వరుసలో కూర్చుని "జల్ది ముగించు" అని అప్పుడే చెయ్యి ఊపుతున్న మా ఇంటి అధ్యక్షురాలు అనసూర్యకు, అందరికీ ఈ సిద్దిరాములు దండాలు. (నవ్వులు)

ప్రెసిడెంటు గారు నన్ను ఎంత పొగిడారంటే, ఎవరి గురించో అనుకుని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. పొగిడినాయన ఊరుకోక, విమానం కథ చెప్పమన్నారు. కొత్త పిల్లలు వినలేదట. వినకపోవడమేమిటి, గట్టయ్య హోటల్లో రోజూ వింటూనే ఉన్నారు. ఆ కథలో విమానం నడిపింది నేనే, జంపఖానాను గొడుగులా పట్టుకుని మెల్లగా దిగిందీ నేనే. (నవ్వులు) గట్టయ్యా, నీ చాయ్ లాగే నీ కథలో కూడా నీళ్లు ఎక్కువే.

జరిగింది ఇది. డెబ్బై ఆరులో, ఇప్పపూలు రాలే కాలంలో, గోదావరి అవతల ఒక కాగితాల కంపెనీ వారి అతిథి గృహానికి పెద్ద జంపఖానా నేశాం. నేత పూర్తయిన మరునాడే వాళ్ల ఉత్సవం, రోడ్డు మీద పోతే అందదని తమ చిన్న విమానాన్ని మామునూరు విమానాశ్రయానికి పంపారు. ఆ విమానం నడిపిన మనిషే ఈ భాస్కర్ గారు. జంపఖానాతో నేనెందుకు ఎక్కానంటే, మన దగ్గర పద్ధతి తెలుసు కదా, పెద్ద జంపఖానాను నేసినవాడే మొదటిసారి పరచాలి, మూలలు చేత్తో ఒత్తి సరిచేసి అప్పగించాలి. అప్పటిదాకా అది ఇంకా మగ్గం మీద ఉన్నట్టే లెక్క.

అంత ఎత్తు నుంచి కింద అడవిని చూస్తుంటే నాకు భయం వేయలేదు. ఆకుపచ్చలో అక్కడక్కడా మోదుగుపూల ఎరుపు, ఈ రంగులు కలిపి ఒక పట్టీ నేస్తే ఎట్లుంటుందా అని లెక్కలు వేసుకుంటున్నాను. ఉన్నట్టుండి ఇంజన్ ఆగిపోయింది. అప్పుడొచ్చిన నిశ్శబ్దం మీకు కూడా తెలిసిందే, మధ్యాహ్నం అన్నానికి లేచినప్పుడు వాడలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగితే వచ్చేది. ఆ నిశ్శబ్దంలో మేము తేలుతూ తేలుతూ దిగాం. ఎంతసేపో తెలియదు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ దిగడం పూర్తి కాలేదేమో అనిపిస్తుంది.

కళ్లు తెరిచేసరికి చుట్టూ ఇప్పపూల వాసన. వెనకున్న జంపఖానా చుట్ట ముందుకొచ్చి నాకూ ఇనుముకూ మధ్య అడ్డం పడింది, నాకు గీతలు తప్ప దెబ్బ లేదు. భాస్కర్ గారి కాలు మాత్రం విరిగింది. ఆయనను బయటికి లాగి జంపఖానా అంచు మీద పడుకోబెట్టాను. పడుకోబెట్టి నేనన్న మొదటి మాట ఏమిటో ఆయననే అడగండి. "జర కాలు అవతలికి పెట్టు సారూ, నెత్తురంటితే జంపఖానా ఖరాబైతది!" (పెద్దగా నవ్వులు. భాస్కర్ గారు చేతికర్ర పైకెత్తి అవునన్నారు.)

నవ్వండి. అప్పగించని సరుకు మరి!

కానీ కాసేపటికే నా తమాషా దిగిపోయింది. ఆయన మాటలు ముద్దగా వస్తున్నాయి, కళ్లు మూతలు పడుతున్నాయి. నిద్రపోతే మళ్లీ లేవడని నాకు గట్టిగా అనిపించింది. మోసుకుపోదామంటే ఆయన ఒడ్డూ పొడుగూ మీరు చూస్తూనే ఉన్నారు. సాయానికి మనిషిని వెతుక్కుంటూ నేను పోతే తిరిగి రావడానికి దారి తెలియదు. ఆ అడవిలో ప్రతి చెట్టూ పక్క చెట్టులాగే ఉంది.

నేసినదాన్ని విప్పకూడదని మా నాయన చెప్పేవాడు. విప్పిన చెయ్యి మళ్లీ కుదురుగా ఆడదనేవాడు. "మార్కండేయా, నువ్వే చూసుకో" అని మన కులదైవానికి మొక్కి, కుచ్చుల ముడులు విప్పి, ఎర్ర పట్టీ నూలు గుంజడం మొదలుపెట్టాను. గుంజుతూ ఉండలు చుట్టుకుంటుంటే ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు. ఒక కొస ఆయన వేలికి కట్టాను.

"సారూ, దారి పొడుగునా దీన్ని గుంజుకుంట పోత. గుంజినప్పుడల్లా కండ్లు తెరువు. నిద్రపోయినవంటే నీతోని నాకు దోస్తానా లేదు."

నడిచాను. ఉండ వదులుతూ, నూలు గుంజుతూ, ఒకటి అయిపోతే ఇంకొకటి అతుకుతూ. తుమ్మెదల చప్పుడు, ఎండుటాకుల చప్పుడు. కాసేపటికి నడుస్తున్నది నేనేనా, నూలే నన్ను నడిపిస్తోందా అన్నట్టుగా అయింది. ఒక వాగు దగ్గర ఇప్పపూలు ఏరుకునే ఆడవాళ్లు కనిపించారు. వాళ్లలో పెద్దామె మల్లక్క. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఎవలయ్యా నువ్వు? నూలుండ పట్టుకొని అడివిల ఏం జేస్తానవ్?"

"ఇమానం కూలిందక్కా!"

"పొద్దుగాలనే తాగినవా? ఇమానం కూలితే నువ్వెట్ల నిలవడ్డవ్?" (నవ్వులు)

అట్లా అన్నదేగానీ, గంప అక్కడే దించి నాతో బయలుదేరింది. మిగతావాళ్లూ వచ్చారు. ఎర్రనూలు వెంట చకచకా నడిచాం. ఒకచోట నూలు లేదు. తెగి ఉంది. చుట్టూ జింకల అడుగులు. నేను అక్కడే కూలబడ్డాను. మల్లక్క మాత్రం ఆడవాళ్లను పూలు ఏరేటప్పటిలాగే బారుగా నిలబెట్టి, నేల చూస్తూ నడవమంది. కాసేపటికి ఒకామె "ఈడ ఎర్రగున్నది!" అని కేకేసింది. రెండో కొస దొరికింది. తల ఎత్తితే అల్లంత దూరంలోనే విమానం రెక్క.

భాస్కర్ గారు మేలుకునే ఉన్నారు. నన్ను చూసి, "ఎంత గుంజావయ్యా, వేలు నొప్పి పుట్టింది! ఒక్క కునుకు తీయనిచ్చావా?" అన్నారు.

(భాస్కర్ గారి వైపు తిరిగారు.)

భాస్కర్ గారూ, ఈ మాట ఇన్నేళ్లూ మీతో అనలేదు. ఆ నూలు మీకు అంత దగ్గరలోనే తెగిపోయింది. నేను వాగు చేరేదాకా గుంజుతూనే ఉన్నాను, నిజమే. కానీ నా చేతిలో ఉన్న నూలుకు అటువైపు మీరు లేరు. అప్పుడే చెప్పబోయాను. మల్లక్క నా భుజం మీద చెయ్యి వేసి నెమ్మదిగా, "ఊకో. ఎవలో ఒకలు గుంజిండ్రు" అంది. ఊరుకున్నాను. మీ వేలిని గుంజింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఆ సగం జంపఖానాను కంపెనీవారు వద్దన్నారు. దాన్ని మళ్లీ నేసి పూర్తిచేద్దామని ప్రెసిడెంటు గారు చాలాసార్లు అన్నారు, నాకు చేతులు రాలేదు. ఈ పొద్దున ఎవరూ రాకముందు వచ్చి, దాన్ని ఈ వేదిక మీద నేనే పరిచాను. మూలలు ఒత్తాను. కిషన్ రావు గారూ, మీరు చెప్పులు విడిచి కూర్చున్నది దాని మీదే. ఆ వైపు వేలాడుతున్న పడుగు పోగులను కోయకండి, అట్లాగే ఉండనివ్వండి. సరుకు ఈ రోజుకు అప్పగించాను.

మగ్గాలు తగ్గిపోతున్నాయి, వాడలో కరెంటు మగ్గాల మోత పెరుగుతోంది. నాకు దిగులు లేదని చెబితే అబద్ధం. మీ అందరి చేతులూ నా చేతుల్లో పెట్టుకుని పని నేర్పాను, వదిలి పోవడం కష్టంగా ఉంది. సభ పెట్టిన సంఘానికి, ఆ కాలితో హైదరాబాదు నుంచి వచ్చిన భాస్కర్ గారికి, ఇంతసేపూ ఓపిక పట్టిన మీకు నా కృతజ్ఞతలు. అనసూర్యా, అయిపోయింది, వస్తున్నా.

ఒక్కటే మాట. రేపెప్పుడైనా మగ్గం మీద కునుకు పడుతుంటే, ఎవరో మీ వేలు గుంజినట్టు అనిపిస్తే, దారం ఎక్కడ తెగిందో వెతకకండి. కళ్లు తెరవండి, చాలు.

ఇక నాకు సెలవు.