నేల తొక్కని తవిటయ్య

ఎరకమ్మకి ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారంట. నాలుగోవాడు పుట్టగానే పక్కింటావిడ చేతిలో పెట్టి, చేటెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కుని, తవిటయ్యని పేరెట్టింది. అంతటితో ఆగిందా? ఆగలేదు. "తల్లీ, ఐదేళ్లు నిండేదాకా వీడి పాదం నేలకి తగలనివ్వను, వీణ్ణి నాకుంచు" అని అమ్మవారికి మొక్కేసుకుందంట. అమ్మవారు అడిగిందా? అడగలేదు. ఈవిడే అంది. ఇంకేముంది, చంకలోంచి ఉయ్యాల్లోకి, ఉయ్యాల్లోంచి చంకలోకి. పొలానికెళ్లినా చంకే, నీళ్లకెళ్లినా చంకే. వాడికి మూడేళ్లొచ్చాయనుకో. వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే, ఏడుపెంకులు పేర్చి బంతితో కొడుతుంటే, వీడు చంకలోంచే కాళ్లాడించేవాడు. ఆ కాళ్లని తల్లి చేత్తో అదిమి పట్టుకునేదంట.

అలా ఉండగా ఏమైందంటే, ఒకనాడు మంత్రసాని అసిరమ్మ వాడి పిక్కలు పట్టి చూసింది. "ఏవే ఎరకా, ఇవి కాళ్లా, ములక్కాడలా?" అంది. ఎరకమ్మ మొక్కు సంగతి చెప్పి ఏడ్చింది. అసిరమ్మ ఊరికే వదిలే మనిషా? మొక్కు తప్పొద్దులేవే, నేలన్నావు గానీ మంచం అన్లేదు గదా, నులకమంచం మీద నిలబెట్టి గెంతించు, చాప పరిచి దొర్లించు, దిళ్లు వరసగా పెట్టి కొండలెక్కినట్టు ఎక్కించు, గుడ్డబంతి చుట్టి కాలితో తన్నించు, బయటికెళ్తే గడ్డిమేటు మీద వదిలెయ్, జామకొమ్మ పట్టించి వేలాడనీ, అవేవన్నా నేలా అని ఎన్ని చెప్పిందనుకున్నారు! అన్నీ విని ఎరకమ్మ, "పడిపోతే, పిన్నీ?" అంది. "పడితే లేస్తాడే." "లేవకపోతే?" లేవని ముగ్గుర్ని చూసిన మనిషితో ఏం వాదిస్తాం, మీరే చెప్పండి. ఎరకమ్మ మొగుడు సింహాద్రి మాత్రం ఒకరోజు దొంగచాటుగా వాణ్ణి మంచం మీద నిలబెట్టాడంట. వాడు రెండు గెంతులు గెంతి కిలకిలా నవ్వాడు. ఆ నవ్వు విని ఎరకమ్మ నీళ్లబిందె వాకిట్లోనే పడేసి పరిగెత్తుకొచ్చి లాక్కుంది. వారం రోజులు మొగుడితో మాటల్లేవు.

ఐదేళ్లూ నిండాయి. డప్పులు కొట్టించారు, పసుపునీళ్లు కలిపారు, ఊరంతా వచ్చింది. ముగ్గేసి వాణ్ణి దింపారు. దింపితే ఏముంది, కాళ్లు మడతపడిపోయాయి. మళ్లీ నిలబెట్టారు, మళ్లీ కూలబడ్డాడు. డప్పులు ఆగిపోయాయి. వాడికేం తెలుసు? పిడికెడు మట్టి తీసుకుని, "అమ్మా, చల్లగా ఉందే!" అన్నాడంట. ఎరకమ్మ అసిరమ్మ కాళ్ల మీద పడి, ఇప్పుడు గెంతిస్తాను పిన్నీ, దొర్లిస్తాను, నువ్వేం చెప్తే అదే చేస్తాను అని ఒకటే ఏడుపు. అసిరమ్మ రోజూ నూనె రాసి తోమింది, పాకించింది. ఏడాదికి గోడ పట్టుకుని నాలుగడుగులేశాడు. పరుగు మాత్రం రాలేదు, ఇక రాలేదు. పిల్లలు మంచోళ్లే, ఆటకి పిలిచేవాళ్లు. దాగుడుమూతల్లో దొంగ కళ్లు మూసే పని వాడిదే, ఎప్పుడూ వాడిదే. అందరూ పరిగెత్తి దాక్కుంటుంటే వాడు అరుగు మీద కూర్చుని దొంగ కళ్లు మూసి, ఎవరెటు పోయారో చూస్తూ ఉండేవాడు. ఒక్కసారన్నా వాణ్ణి ఎవరూ వెతకలేదు.

బతికాడు గదా, మొక్కు ఫలించినట్టే గదా అంటారు కొందరు. అంటారు, అనకేం! ఇదిగో పారమ్మా, నువ్వు కథ విని కళ్లు తుడుచుకున్నది చాలు గానీ, ఇందాకట్నుంచీ నీ ఒళ్లో పిల్లాడు గింజుకుంటున్నాడు, ముందు వాణ్ణి కిందకి దింపు.