కుడిచేతి వాచీ

"ఒరేయ్ బామ్మర్దీ, నీ లారీ ముందు చక్రం సందులో మనిషి చెప్పు ఇరుక్కుని ఉందిరా!"

సరిహద్దు గేటుకు నాలుగు కిలోమీటర్ల ఇవతల మెకానిక్ షెడ్డు. లారీ కింద మెకానిక్. బయట అతని బామ్మర్ది, డ్రైవరు.

"చెప్పేగా బావా. రోడ్డు మీద చెత్త ఏదో తగులుకుని ఉంటుంది. లాగి పారెయ్. హెడ్‌లైటు అద్దం వేసెయ్, నేను పోవాలి."

"తడిగా ఉంది."

"వాన పడిందేమో."

"వానా? చుక్క పడి నెలైంది. ఇదిగో, నా వేళ్ళు చూడు. రక్తంరా."

"కుక్క అడ్డమొచ్చింది బావా. అదే, కుక్క."

"చెప్పులేసుకున్న కుక్కా?"

"నువ్వు... నువ్వు అద్దం వెయ్యి బావా."

"మీ అక్క చీపురెత్తినప్పుడు కూడా నీకింత చెమట పట్టలేదు. ఆ చెయ్యి ఇలా చాపు. చాపరా! వాచీ ఇంకా కుడిచేతికే ఉందేం?"

"మర్చిపోయా."

"పదేళ్ళలో ఏనాడూ మర్చిపోనివాడివి! అవతలి దేశంలో బండి రోడ్డుకి కుడిపక్కన, వాచీ కుడిచేతికి. గేటు దాటగానే వాచీ ఎడమచేతికి, బండి ఎడమపక్కకి. మీ డ్రైవర్లందరి పద్ధతీ అదేగా? ఇవాళ మార్చలేదు. అంటే..."

"క్యూలో తొమ్మిది గంటలు కూచోబెట్టారు బావా! కళ్ళు మూతలు పడుతున్నాయి. గేటెత్తగానే తొక్కేశా. కుడిపక్కనే పోయా. ఎదురుగా సైకిలు..."

"ఎక్కడ?"

"కల్వర్టు దగ్గర."

"ఎంతసేపైంది?"

"పావుగంట."

"బతికున్నాడా?"

"తెలీదు. ఆగలేదు. ఒట్టు, ఆగలేదు. లైసెన్సు పోతుంది బావా. జైల్లో వేస్తారు. పిల్లలు..."

"నోర్ముయ్. హలో, గేటు దగ్గర అంబులెన్సేనా? కల్వర్టు మీద సైకిలాయన్ని లారీ కొట్టేసింది. పరుగున రండి సార్, పరుగున!"

"నా పేరు చెప్పకు బావా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఐదు నిమిషాల్నించీ ఇదే ఏడుపు. కాళ్ళొదులు. వాడు బతికితే నువ్వూ బతుకుతావు, అర్థమైందా? ఆగు, వాళ్ళే చేస్తున్నారు... హలో! ఏంటీ? ఎవరూ లేరా? సైకిలు కూడానా? సరిగ్గా చూడండి సార్! వెళ్ళిపోకండి, దణ్ణం పెడతా, రెండంటే రెండు నిమిషాలు!"

"లేచి వెళ్ళిపోయుంటాడు. చిన్న దెబ్బే అయ్యుంటుంది."

"ఇంత రక్తం పోయినవాడు సైకిలెక్కి ఇంటికెళ్ళాడా? వాళ్ళు బండి తిప్పేస్తున్నారురా! నువ్వు ఆగావా?"

"లేదన్నాగా."

"నా కళ్ళలోకి చూసి చెప్పు. ఆగావా, లేదా?"

"ఆగాను బావా. బతికే ఉన్నాడు. 'అన్నా, మా ఇంటికి ఫోన్ చెయ్యవా' అన్నాడు. చేస్తానన్నా. చంకల కింద చేతులేసి లేపితే, ఆస్పత్రికే అనుకున్నాడు, నా మెడ గట్టిగా పట్టుకున్నాడు. కల్వర్టు కింద తూములోకి లాగేశా. సైకిలు కూడా. రోడ్డు మీంచి ఎవరికీ కనబడకూడదని నేనే లాగేశాను బావా."