బాసుగారి బాతులకు తలంటు

2006, మే నెల మొదటి శుక్రవారం సాయంత్రం. న్యూజిలాండ్‌లో వెల్లింగ్టన్ దగ్గర జాన్సన్‌విల్‌లో ఒక ఇంటి గరాజ్. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన ఉదయభాస్కర్, అతని భార్య నిరుపమ.

“తుడిచావా, కడిగావా? సరిగ్గా చెప్పు నిరుపమా.”

“కడిగి, తుడిచాను. తర్వాత కాస్త కొబ్బరినూనె రాశాను.”

“కొబ్బరినూనె. బాతులకి.”

“ప్లాస్టిక్ బాతులేగా. రంగు వెలిసిపోయి, బురద పట్టి ఉన్నాయి. పక్కింటి గిన్నె కూడా కడగకుండా తిరిగివ్వం, మీ బాసుగారి సామాను అలాగే ఇస్తామా? చూడండి, ఎలా నిగనిగలాడుతున్నాయో.”

“అదే కొంప ముంచింది. ఇవి నిగనిగలాడకూడదు. వీటిని చెరువులో వదిలి గ్రేమ్ గడ్డిలో దాక్కుంటాడు. పైన ఎగిరే బాతులు మనవాళ్ళేనని నమ్మి దిగితే కాలుస్తాడు. ఇవి ఎండకి తళుక్కుమన్నాయనుకో, నిజం బాతు ఇటు తొంగి కూడా చూడదు.”

“ఆ మాట ముందే నాకు చెప్పాలిగా.”

“ఏమని చెప్పాలి? బాతులకి తలంటు పోయొద్దనా?”

“మీరు చెప్పిందేదీ నేను మర్చిపోలేదు. ఒకదాని మీద ఒకటి పెట్టొద్దన్నారు, పెట్టలేదు. తాళ్ళు రంగుకి ఒరుసుకోకూడదన్నారు, దేని తాడు దానికి చుట్టాను. ఎలకలు కొరుకుతాయన్నారు, కలరా ఉండలు వేశాను. చెమ్మ తగలకూడదని బాబు గదిలో ఉన్న చెమ్మ లాగే మిషను తెచ్చి మీరే ఇక్కడ పెట్టారు. వాడు నెలల తరబడి దగ్గాడు. బాతు మాత్రం ఒక్కటీ దగ్గలేదు.”

“ఇప్పుడవన్నీ ఎందుకు?”

“కారేమో బయట గాలికి ఊగుతోంది.”

“వాళ్ళ షెడ్డు కారుతోందన్నాడు. ఏం చేయమంటావు? ఆ పర్మనెంట్ పోస్టు నాకో వంశీకో ఇవాళో రేపో తేల్చేది ఆయనే. రాకపోతే వచ్చే నెలతో నా కాంట్రాక్టు అయిపోతుంది.”

“బాతులు దాచినందుకు ఉద్యోగం ఇస్తారా?”

“నమ్మకం, నిరూ. నమ్మకం. ఆఫీసులో అంతమంది ఉండగా నన్నే అడిగాడు.”

“మనం గుడ్డు కూడా ముట్టం. ఆ కాల్చే పాపంలో మనకీ వాటా ఉండదూ?”

“తుపాకీ ఆయనది.”

“గరాజ్ మనది.”

“పాపం సంగతి తర్వాత చూద్దాం. రేపు తెల్లారితే వేట సీజను. ఆరింటికి వచ్చి పట్టుకెళ్తానన్నాడు. ఈ జిడ్డు ఎలా వదులుతుంది? సబ్బు పెడితే?”

“మళ్ళీ మెరుస్తాయేమో. అమ్మ పంపిన సున్నిపిండి ఉంది.”

“సున్నిపిండా.”

“నూనె రాశాక ఇంకేం రాస్తారు? బాబుకి అదేగా.”

“తే. డబ్బా మొత్తం తే.”

“మెడ పట్టుకోండి, జారిపోతుంది. తోక దగ్గర రుద్దండి. ఇంకొంచెం.”

“రుద్దుతున్నాను. ఇది మనవాళ్ళెవరికైనా తెలిస్తే...”

“వాళ్ళకి మీరు సీనియర్ ఎనలిస్టు. రుద్దండి.”

మర్నాడు పొద్దున, గ్రేమ్ బాతుల్ని బండికెక్కించుకుని వెళ్ళిపోయాక.

“ఏమన్నాడు?”

“మెచ్చుకున్నాడు. రవ్వంత మెరుపు లేదు, ఇంత బాగా తన పెళ్ళాం కూడా చూడలేదన్నాడు. వాసన చూసి అదేంటని అడిగాడు.”

“ఉద్యోగం?”

“పెసరపిండి అని చెప్పాను.”

“ఉద్యోగం అండీ.”

“అదా. వంశీకి.”

“వంశీ వాళ్ళ గరాజ్‌లో ఏం దాచాడు?”

“ఏమీ దాచలేదు. బాతుల్ని ముందు వాణ్ణే అడిగాడట. మా గరాజ్‌లో కారు పెట్టుకుంటాం, కుదరదని వాడు మొహం మీదే చెప్పేశాడట. టీముకి పెద్దగా ఉండాలంటే అలా కుదరదని చెప్పగలిగేవాడు కావాలట.”

“బాసుకే చెప్పినా?”

“బాసుకి చెప్పాడనే.”

“మరి మీరు?”

“నేను నమ్మకస్తుణ్ణట. భుజం తట్టి మరీ అన్నాడు. కాంట్రాక్టు ఇంకో ఆర్నెల్లు పొడిగించి చూద్దామన్నాడు.”

“ఆ మాటకే అంతసేపు రోడ్డు మీద నిలబడ్డారా?”

“పడవ సంగతి కూడా వచ్చింది.”

“ఏ పడవ?”

“ఆయనదే. వేట అయిపోయాక దాన్ని పెట్టుకోవడానికి చోటు లేదట.”

“ఇక్కడ పెడతాడా?”

“ఆర్నెల్లే.”

“ఏవండీ. ఇంత విన్నాక కూడా... ఈసారైనా ఆయన మొహం మీద చెప్పారా, లేదా?”

“చెప్పాను. గట్టిగానే చెప్పాను.”

“ఏమని?”

“పైన కప్పే టార్పాలిన్ మాత్రం మీరే తెచ్చుకోవాలని.”