కంబాల గుట్ట

కార్వేటినగరం దాటినాక, రోడ్డు పక్కనే మునస్వామి ఇల్లు. తిరుపతి నుంచి కారులో వచ్చిన విలేకరి మహిత వరండాలో కూర్చుని ఆ ముసలాయన మాటలు ఫోనులో రికార్డు చేసుకుంటోంది. కొడుకు గిరిప్రసాద్ కూర్చోలేక, పోలేక గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“గుట్ట మీద మిలిటరీవాళ్ళు నాటినవి ఇనుప కంబాలా తాతా?”

“కాదు పాపా, కొయ్యవి. నాలుగు మూలలా నాలుగు, నడిమధ్యన కొయ్యగది. ఇనుముంటే లెక్క తప్పుతాదంట. నీళ్ళు మోసే నన్నుగూడా బొక్కెన దూరంగా పెట్టి రమ్మనేవాళ్ళు.”

“లోపల ఏం చేసేవాళ్ళు మిలిటరీవాళ్ళు?”

“చెవులకు తగిలించుకోని చక్రం తిప్పతా ఉంటారు. ఎవురన్నా దొంగగా రేడియోలో మాట్లాడితే, ఆ మాట ఏ దిక్కునుంచి వస్తా ఉండాదో కనిపెట్టేది వాళ్ళ పని. ఈడినుంచి ఒక గీత, ఇంకో స్టేషన్నుంచి ఒక గీత. పటంలో రెండు గీతలూ యాడ కలిస్తే మనిషి ఆడ ఉన్నట్టు. చైనా యుద్ధం అయినాక పెట్టినారు. నాకప్పుడు కొత్తగా మీసాలొస్తా ఉండాయి.”

“ఇంక చాల్లే నాయనా. ఆయమ్మకు పొద్దుపోతాది.”

“నాకేం తొందర లేదన్నా. తాతా, నేనసలు వచ్చింది ఆ స్టేషన్లో పనిచేసిన యోహాను గురించి.”

“యోహానా? ఆ పేరు నీకెట్ల తెలుసు పాపా?”

“వాళ్ళ చెల్లెలు రెబెకమ్మ చెప్పింది. ఆమె కేరళ నుంచి వచ్చి తిరుపతిలో లాడ్జిలో ఉంది. అన్న సమాధి చూడాలంటోంది.”

“అయ్యో... మంచోడు పాపా. వచ్చీరాని తెలుగులో నన్ను ‘తమ్ముడూ’ అనేవాడు. కంబమెక్కి తీగ బిగిస్తా ఉంటే పిడుగు పడింది. వాన, వంక పొంగి దారి లేదు. గుట్ట మీదనే పూడ్చినాము. గుంత తవ్వింది నేనే. తలదిక్కున రాయి నాటి పేరు చెక్కినారు.”

“స్టేషన్ ఎత్తేశాక?”

“కంబాలు, గది, అన్నీ పీక్కోని లారీల్లో ఏసుకోనిపోయిరి. బూమి మాకే తిరిగిచ్చిరి. ఆ రాయొకటి మిగిలింది. ఏటా సున్నం కొట్టేవాణ్ణి. మోకాళ్ళు పోయినాక వీడికి అప్పజెప్పినా. కొడతా ఉండావు గదరా గిరీ?”

“ఆఁ... కొడతా ఉండా నాయనా.”

“అయితే రేపే ఆమెను తీసుకొస్తానన్నా. ఇప్పుడొకసారి చోటు చూసుకుంటా.”

“ఇప్పుడొద్దు.”

“ఎందుకు?”

“దారి... దారి బాగలేదమ్మా. అంతా ముళ్ళకంప.”

“నడుస్తాను.”

“పాములుండాయి.”

“కారు పోదా?”

“టిప్పర్లు పోతాయి గానీ, కారు...”

“గుట్ట మీదికి టిప్పర్లెందుకన్నా?”

“గుట్ట మీదికి కాదమ్మా. ఆ పక్కకి. ఆ పక్క ఏదో...”

“తాతా, పోనీ మీరు కారులో వచ్చి చూపిస్తారా?”

“నాకు గుర్తులేదు పాపా.”

“ఇప్పుడేగా చెప్పారు, గుట్ట మీదని!”

“ఏ గుట్టో గ్యాపకం రాలా. ఈ చుట్టూ అన్నీ గుట్టలే గదా. వయసైపోయింది, మతి నిలవడం లేదు.”

“రెబెకమ్మకు ఏం చెప్పను తాతా? వాళ్ళింటి పెరట్లో మన్ను చిన్న సంచిలో కట్టుకొచ్చింది, అన్న మీద వెయ్యడానికి.”

“ముసలోడికి మతి పోయిందని చెప్పు. తప్పు నాదే, మన్నించమను.”

మహిత కారు రోడ్డెక్కి మలుపు తిరిగింది.

“నాయనా, నిజంగానే మర్చిపోయినావా?”

“సున్నం ఎప్పుడు కొట్టినావురా?”

“మొన్న... మొన్న ఉగాదికి.”

“దేనికి కొట్టినావు?”

“రాయికే నాయనా.”

“పక్కింటి మునెయ్య ఆటోలో ఎప్పుడో పోయి సూసొచ్చినా గిరీ. గుట్టే లేదు గదరా ఆడ. గుంతలో నీళ్ళు నిలబడుండాయి.”

“నాయనా...”

“నీ నోటితో నువ్వే చెప్తావేమోనని ఇన్నాళ్ళూ కాసుకోనుండా. ఆ పాప ముందర నువ్వు నీళ్ళు నమలతా ఉంటే సూళ్ళేక మతిపోయినోణ్ణయినా.”

“ఒక మూలే తవ్వుకోమన్నా నాయనా, రోడ్లకు గ్రావెల్ మన్ను తోలేవాళ్ళని. రాయి జోలికి పోవద్దని చెప్పినా. నేను పోయేతలికి అంతా ఎత్తేసినారు.”

“ఆయన ఎముకలు?”

“మన్నుతోపాటే పోయినాయి. ఏ లేఅవుట్ రోడ్డుకు పోసినారో తెల్దు.”

“ఆయమ్మ అంత దూరం నుంచి మన్ను తెచ్చిందంటరా.”

గిరిప్రసాద్ జేబులోంచి ఫోను తీశాడు.

“ఎవురికిరా ఫోను?”

“ఉండు నాయనా... హలో, మహితమ్మా? నేను, గిరిని. కారు తిప్పమ్మా, నేనూ వస్తా. రెబెకమ్మకు నేనే చెప్పాల. మా నాయన ఏమీ మర్చిపోలేదు.”